ఇద్దరి దగ్గరా కలిపి 25 పాయింట్లు, ఆడింది సిక్స్ స్పేడ్స్

బ్రిడ్జ్‌లో సిక్స్ స్పేడ్స్ అంటే స్పేడ్స్ తురుపుగా 13 ట్రిక్కుల్లో (నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్కు) 12 మావేనని బల్ల మీద అందరి ముందూ మాటిచ్చినట్టు, వదులుకోడానికి ఒక్క ట్రిక్కే ఉంటుంది. బ్రిడ్జ్‌లో ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే పేక మొత్తంలో 40 పాయింట్లు, ఇలాంటి 12 ట్రిక్కుల స్లామ్ ఆడాలంటే ఇద్దరి చేతుల్లో కలిపి 33 దాకా ఉండాలని మొదట్లో నేర్పుతారు. షేప్ (ఏ రంగులో ఎన్ని ముక్కలన్నది) బాగుంటే తక్కువలో కూడా అవుతుంది, చాలాసార్లు అయ్యింది కూడా, కానీ మాకు ఆ రోజు ఉన్నవి 25. పైగా ఒక ఆసు లేదు, తురుపు రాజు కూడా లేదు. అయినా ఆ ఆట గట్టెక్కింది, ఎలా గట్టెక్కిందో మొదటి నుంచీ చెప్తా, ఎందుకంటే అదృష్టం అనే మాట అందరూ వాడతారు గానీ అది బల్ల మీద ఏ ముక్క రూపంలో వచ్చి ఎక్కడ కూర్చుంటుందో నాకు అంత స్పష్టంగా కనిపించింది ఆ ఒక్క ఆటలోనే.

మా ఊళ్ళో (వైజాగ్) ఒక క్లబ్బులో వారం వారం పెయిర్స్ ఆట ఉంటుంది. డూప్లికేట్ అంటారు, అంటే ఒకే పంపకం అన్ని టేబుళ్ళకీ తిరుగుతుంది, అవే ముక్కలతో పక్క టేబుల్ వాళ్ళు ఎంత తెచ్చుకున్నారో దాంతో పోల్చి మార్కులు వేస్తారు, కాబట్టి మంచి ముక్కలు వచ్చాయన్నంత మాత్రాన గెలిచినట్టు కాదు. ఆ రోజు నా రెగ్యులర్ పార్ట్‌నర్ ఊళ్ళో లేడు, ఒక మాస్టారు ఖాళీగా ఉన్నారని నన్ను ఆయనతో కూర్చోబెట్టారు. లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, ఆ క్లబ్బులో నాకంటే చాలా ముందు నుంచి ఆడుతున్నారు, ఆయనంటే అందరికీ గౌరవం. ఆయనతో కలిసి ఆడటం అదే మొదటిసారి.

కొత్త పార్ట్‌నర్‌తో కూర్చునేముందు ఏ బిడ్‌కి ఏం అర్థమో మాట్లాడుకోవాలి కదా, టైమ్ లేదు, డైరెక్టర్ అప్పటికే బోర్డులు (ఒక్కో పంపకం ముక్కలుండే ట్రేలు) పంచేస్తున్నారు. "వన్ నో ట్రంప్ 15 నుంచి 17, స్టేమన్, ట్రాన్స్‌ఫర్లు, సరేనా?" అన్నారు మాస్టారు. సరేనండీ అన్నా. "వీక్ టూలు?" ఆడతానండీ. "బ్లాక్‌వుడ్‌లో కీకార్డ్ ఆడతావా, పాతదా?" కీకార్డేనండీ అన్నా. "అయితే ఇబ్బంది లేదు" అనేసి కళ్ళజోడు తుడుచుకున్నారు. అంతే, అక్కడితో అయిపోయింది. కీకార్డ్‌లో రెండు రకాలున్నాయని ఇద్దరికీ తెలుసు, కానీ ఎవరి రకం వాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే రెండోది ఒకటి ఉందన్న ఆలోచనే రాలేదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. బ్లాక్‌వుడ్ అంటే 4 నో ట్రంప్ అని బిడ్ చేసి పార్ట్‌నర్‌ని ఎన్ని ఆసులున్నాయని అడగటం, ఈస్లీ బ్లాక్‌వుడ్ అనే అమెరికన్ కనిపెట్టింది. తర్వాత వచ్చిన కీకార్డ్ పద్ధతిలో నాలుగు ఆసులతోపాటు తురుపు రాజుని కూడా ఆసు కింద లెక్కేస్తారు, మొత్తం ఐదు. జవాబులో మొదటి మెట్టు 5 క్లబ్స్, రెండో మెట్టు 5 డైమండ్స్. ఒక రకంలో 5 క్లబ్స్ అంటే సున్నా లేదా మూడు, 5 డైమండ్స్ అంటే ఒకటి లేదా నాలుగు. దీన్ని 3014 అంటారు, నేను నేర్చుకున్నది ఇదే. ఇంకో రకంలో ఆ రెండూ తారుమారు, 5 క్లబ్స్ అంటే ఒకటి లేదా నాలుగు, 5 డైమండ్స్ అంటే సున్నా లేదా మూడు. దీని పేరు 1430. మాస్టారు ఆడేది ఇది.

మొదటి కొన్ని బోర్డులు బాగానే నడిచాయి. తర్వాత ఈ బోర్డు వచ్చింది, డీలర్ మాస్టారు, రెండు వైపులా వల్నరబుల్, అంటే బోనస్‌లూ జరిమానాలూ రెండూ పెద్దవే. నా చేతిలో స్పేడ్స్ ఆసు, జాకీ, 10, 8, 4. హార్ట్స్‌లో ఒక్క 6. డైమండ్స్ ఆసు, రాణి, 5. క్లబ్స్ రాజు, 8, 6, 3. మొత్తం 14 పాయింట్లు, ఒక సింగిల్టన్ (ఒకే ముక్క ఉన్న రంగు), మంచి చెయ్యే.

మాస్టారు 1 హార్ట్ ఓపెన్ చేశారు. నేను 1 స్పేడ్ అన్నా. ఆయన బిడ్డింగ్ బాక్స్‌లోంచి 3 స్పేడ్స్ తీసి పెట్టారు. నా లెక్కలో ఆ దూకుడుకి అర్థం నాలుగు స్పేడ్లు, మామూలు ఓపెనింగ్ కంటే బాగా పై చెయ్యి, సుమారు 16 పాయింట్లు. నా 14 కలిపితే 30, మీద సింగిల్టన్, తురుపులు తొమ్మిది. ఇక్కడ స్లామ్ వెతక్కపోతే ఇంకెక్కడ వెతుకుతాం? 4 నో ట్రంప్ పెట్టా. ఆయన 5 క్లబ్స్.

సున్నా, లేదా మూడు. ఓపెన్ చేసి పైగా మూడుకి దూకిన మనిషి దగ్గర సున్నా ఉండటం చాలా అరుదు, ఒక్క ఆసూ లేకుండా అన్నీ రాజులూ రాణులే ఉండాలి. కాబట్టి మూడు. నా దగ్గర రెండు, మొత్తం ఐదూ మా దగ్గరే! ఇలాంటి సందేహం ఉన్నప్పుడు తక్కువ అంకె అనుకుని 5 స్పేడ్స్‌లో ఆగటం, ఎక్కువ ఉంటే పార్ట్‌నరే పైకి లాగుతాడని వదిలేయటం అనే జాగ్రత్త ఒకటుంది, పాతకాపులు చాలామంది అలాగే చేస్తారు. అదీ గుర్తొచ్చింది, కానీ సున్నా ఆ బిడ్డింగ్‌తో అస్సలు అతకలేదు. ఏడు అడగబుద్ధి కాలేదు, క్లబ్స్‌లో నా చిన్న ముక్కలు ఎక్కడ పారేయాలో తెలీదు కాబట్టి. 6 స్పేడ్స్ పెట్టా. ముగ్గురూ పాస్.

ఇందులో విచిత్రం ఏంటంటే మాస్టారికి కూడా ఏ అనుమానమూ రాలేదు. ఆయన చెప్పింది ఒకటి, నేను ఆరు అన్నానంటే నా దగ్గర కనీసం మూడున్నాయని ఆయన ధీమా. ఇద్దరం హాయిగా ఉన్నాం.

నా ఎడమ పక్క ఒకావిడ, కుడి పక్క ఆవిడ భర్త. ఇద్దరూ బ్యాంకుల్లో చేసి రిటైరైనవాళ్ళు, చాలా పద్ధతిగా ఆడతారు. బిడ్‌ల గురించి ఏమైనా అడగాలా మేడమ్ అంటే అక్కర్లేదన్నారు. ఆవిడే మొదటి ముక్క ఆడాలి. ఒక్క క్షణం ముక్కలు సర్దుకుని క్లబ్స్ ఆసు తీసి బల్ల మీద పెట్టారు.

క్లబ్స్ ఆసు! నా లెక్క ప్రకారం అది నా ఎదురుగా ఉన్న మనిషి దగ్గర ఉండాలి. ఒక్కసారి గుండె గుభేల్మంది. ఆలోపే మాస్టారు డమ్మీ పరిచేస్తున్నారు (తన ముక్కలన్నీ అందరికీ కనిపించేలా, ఇక వాటినీ నేనే ఆడించాలి), నిలువుగా వరసలు సరిచేస్తూ, చాలా ప్రశాంతంగా. స్పేడ్స్ రాణి, 9, 6, 3. హార్ట్స్ ఆసు, రాజు, 7, 4, 2. డైమండ్స్ 8, 3. క్లబ్స్ రాణి, 5. లెక్కపెట్టా, 11. మళ్ళీ లెక్కపెట్టా, 11 కంటే ఒక్కటి కూడా పెరగలేదు. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది, ఆయన చెప్పింది 1430 అని. బయటికి మాత్రం "థాంక్యూ పార్ట్‌నర్" అన్నా, అది ఆనవాయితీ, ఎలాంటి డమ్మీ వచ్చినా ముఖం మారకూడదు, మారితే ఎదుటివాళ్ళకి సగం సమాచారం ఇచ్చినట్టే.

ఆ 3 స్పేడ్స్ గురించి తర్వాత అడిగితే ఆయన చెప్పింది, తాము నేర్చుకున్న రోజుల్లో మూడు తురుపులుంటే రెండు, నాలుగు తురుపులుంటే మూడు అనేవాళ్ళమని. ఆయన పద్ధతి ఆయనది, అందులో తప్పు పట్టడానికేం లేదు.

ఇప్పుడు అసలు పని. డమ్మీ పరిచాక మొదటి ముక్క వేసేముందు కాస్త తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, చాలామంది ఈ టైమ్ వాడుకోరు, గబుక్కున ముక్క వేసేసి తర్వాత ఆలోచిస్తారు, నాకు అది చూస్తే బాధేస్తుంది. నేను చేతిలో ముక్కలు బోర్లా పెట్టేసి డమ్మీ వైపు చూస్తూ కూర్చున్నా. మొదట వచ్చిన ఆలోచనలన్నీ ఎలా పోతుందన్నవే. తురుపు రాజు ఎడమ పక్క ఉంటే పోయింది. తురుపులు సరిగ్గా పంచుకోకపోతే ఇబ్బంది. డైమండ్స్ రాజు ఎడమ పక్క ఉంటే... ఇలా ఆలోచిస్తే ఎక్కడికీ వెళ్ళం. కాంట్రాక్టు మన తాహతుకి మించిపోయినప్పుడు ప్రశ్న తిరగేసి అడగాలి: ఇది అవ్వాలంటే ఏ ముక్క ఎక్కడ ఉండి తీరాలి? ఆ ముక్క అక్కడే ఉందని నమ్మి, ఆ నమ్మకం మీద మిగతా ఆట కట్టుకుంటూ పోవాలి. లేకపోతే ఎలాగూ ఓడిపోతాం కాబట్టి ఆ నమ్మకానికి అయ్యే ఖర్చేమీ లేదు.

ఉండి తీరాల్సింది స్పేడ్ రాజు. క్లబ్స్ ఆసు పోయింది, ఇంకో ట్రిక్కు పోకూడదు, కాబట్టి స్పేడ్ రాజు నా కుడి పక్క ఆయన దగ్గరే ఉంది. ఉందో లేదో అన్న చర్చే లేదు, ఉంది. డమ్మీలోంచి రాణి ఆడి, ఆయన రాజు వేస్తే ఆసుతో పట్టడం, వెయ్యకపోతే రాణిని అలా పోనివ్వడం. దీన్నే ఫినెస్ అంటారు. మనకి రంగులో 11 ముక్కలుండి రాజు లేకపోతే ఆసు కొట్టి రాజు పడుతుందేమో చూడటం కొంచెం మెరుగు, అంతకంటే తక్కువుంటే ఫినెస్సే మేలని లెక్క. మాకున్నవి తొమ్మిది, బయట నాలుగు, కాబట్టి అక్కడ ఆలోచించాల్సింది లేదు.

ఆలోచించాల్సింది డైమండ్స్ దగ్గర. నా ఆసు, రాణికి ఎదురుగా డమ్మీలో 8, 3. రాజు కుడి పక్క ఉంటే ఫినెస్ పని చేస్తుంది, ఎడమ పక్క ఉంటే పోతుంది. స్పేడ్స్‌కి సగం అవకాశం, డైమండ్స్‌కి సగం, రెండూ కలిస్తే నాలుగో వంతు. ఆవిడ హార్ట్స్‌లోనో స్పేడ్స్‌లోనో ఏ ముక్క లీడ్ చేసినా నేను ఈ నాలుగో వంతు మీదే బతకాలి. కానీ ఆవిడ క్లబ్స్ ఆసు కొట్టారు, ఆ ఆసు కింద మా ఇద్దరి చేతుల్లోంచీ చిన్న ముక్కలే పడ్డాయి, 5, 3. అంటే డమ్మీలో రాణి, నా దగ్గర రాజు రెండూ బతికున్నాయి. ఆసు ఉన్నదే ఎదుటివాళ్ళ రాజునో రాణినో పట్టుకోవడానికి, ఇక్కడ అది గాల్లోకి పేలింది. మామూలుగా క్లబ్స్‌లో నాకు రావాల్సింది ఒక్క ట్రిక్కు, ఇప్పుడు రెండు.

ఆ ఒక్క ట్రిక్కుతో డైమండ్ ఫినెస్ అవసరమే తప్పిపోతుందా అని చూశా. నా చేతిలో తురుపులు ఐదు, హార్ట్స్ ఆసు రాజు రెండు, డైమండ్స్ ఆసు ఒకటి, క్లబ్స్ రాజు రాణి రెండు, మొత్తం పది. ఇంకో రెండు కావాలి. డమ్మీలో రెండు తురుపులతో నా డైమండ్స్ రెండు కొట్టగలిగితే పన్నెండు. కానీ డమ్మీలో డైమండ్స్ రెండున్నాయి, ఆసుతో ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది, అది ఉన్నంతవరకూ డమ్మీ తురుపు వెయ్యలేదు. ఆ రెండోది ఎక్కడ పారేయాలి? క్లబ్స్ రాజు మీద! డమ్మీలో క్లబ్స్ రెండే, ఒకటి ఆసు కింద పోయింది, రాణి ఒకటి, మూడోసారి నేను రాజు ఆడినప్పుడు డమ్మీలో క్లబ్స్ ఉండవు కాబట్టి ఆ డైమండ్ పడేయొచ్చు. నా దగ్గర మిగిలే నాలుగో క్లబ్స్ డమ్మీలో హార్ట్స్ రాజు మీద పోతుంది. అన్నీ అతికాయి. డైమండ్ రాజు ఎక్కడుంటే నాకేంటి!

ఒక్క షరతు. డమ్మీలో తురుపులు నాలుగు, రెండు నాకు కొట్టడానికి కావాలి, అంటే ఎదుటివాళ్ళ తురుపులు లాగడానికి రెండే రౌండ్లు. బయటున్న నాలుగు తురుపులు చెరి రెండుగా ఉండాలి. ఇది వందకి 40 సార్లు అవుతుంది, మూడు-ఒకటిగా ఉండటమే ఎక్కువ, దాదాపు 50 సార్లు. మూడు-ఒకటి అయితే మూడో రౌండ్ లాగాలి, డమ్మీలో ఒక్కటే మిగులుతుంది, మళ్ళీ డైమండ్ ఫినెస్ దగ్గరికే వచ్చి నిలబడాలి. సరే, ముందు తురుపులు చూద్దాం, అవి చెప్పేదాన్ని బట్టి తర్వాత సంగతి. ఇలా రెండో దారిని చేతిలో ఉంచుకుని మొదటి దారిలో నడవటం ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం.

ఆవిడ రెండో ముక్క హార్ట్స్ జాకీ ఆడారు. డమ్మీ నుంచి ఆసు అన్నా. ఇప్పుడు ఆట డమ్మీలోనే ఉంది, నాకు కావాల్సిన చోటే. "స్పేడ్స్ రాణి ప్లీజ్."

మాస్టారి చెయ్యి రాణి మీదికి వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. ఆయనకి అప్పుడు తెలిసింది. క్లబ్స్ ఆసు బయటుందని చూసినప్పుడు పోయిన ఒక్క ఆసూ అదే కదా అనుకున్నారట, ఇప్పుడు నేను తురుపు రాజు కోసం ఫినెస్ వేస్తున్నానంటే రాజు కూడా మా దగ్గర లేదని అర్థం. డమ్మీగా ఉన్న మనిషి ఒక్క మాట అనకూడదు, సైగ చెయ్యకూడదు. ముక్క ముందుకి జరిపి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు.

కుడి పక్కాయన 5 వేశారు. ఏ తడబాటూ లేదు, ఆయన రాజు పెట్టుకుని అంత మామూలుగా 5 వెయ్యగలరా అన్న అనుమానం రావాలి నిజానికి, కానీ నేను ముందే తీర్మానించుకున్నా కదా, రాజు అక్కడే ఉంది. నేను 4 వేశా. ఆవిడ వైపు చూడకుండా ఉండలేకపోయా. ఆవిడ ముక్కల మీద వేళ్ళు కదిలాయి, ఒక ముక్క బయటికొచ్చింది. 2.

రాణి గెలిచింది. రాజు కుడి పక్కే ఉంది.

డమ్మీ నుంచి స్పేడ్స్ 3 అన్నా. కుడి పక్కాయన ఈసారి రాజు వేశారు, వేరే ముక్క లేక. నేను ఆసు. ఆవిడ 7. నాలుగు తురుపులూ రాలిపోయాయి, రాజు, 7, 5, 2. చెరి రెండు!

ఇక్కడి నుంచి లెక్క పూర్తయిపోయింది, కానీ వరస తప్పకూడదు కాబట్టి నిదానంగా ఆడా. చేతిలోంచి క్లబ్స్ 6 ఆడి డమ్మీ రాణితో గెలిచా. అక్కడే హార్ట్స్ రాజు, దాని మీద నా క్లబ్స్ 8 పారేశా. తర్వాత డమ్మీ నుంచి డైమండ్స్ 3. కుడి పక్కాయన 4 వేశారు. ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ నేను రాణి వేస్తాననే అనుకున్నారు, ఆసు రాణి చేతిలో పెట్టుకుని డమ్మీ నుంచి చిన్నది ఆడినవాడు రాణి వెయ్యకుండా ఎలా ఉంటాడు, మాస్టారైతే కళ్ళు మూసుకున్నారని తర్వాత ఆవిడే చెప్పారు. నేను ఆసు వేశా. ఫినెస్ గెలిచినా నాకు అదనంగా వచ్చేదేం లేదు, పోతే అంతా పోతుంది.

తర్వాత క్లబ్స్ రాజు, దాని మీద డమ్మీలో మిగిలిన డైమండ్ 8 వెళ్ళిపోయింది. అక్కడ ముక్కలు పరిచి చూపించేశా: డైమండ్స్ 5 డమ్మీలో తురుపు, ఒక హార్ట్ నా చేతిలో తురుపు వేసి వెనక్కి, డైమండ్స్ రాణి డమ్మీలో రెండో తురుపు, మిగతావి నా తురుపులు. పన్నెండు.

ఆవిడ తన చేతిలోంచి డైమండ్స్ రాజు తీసి బల్ల మీద పెట్టి నా వైపు చూశారు, నా రాణికి సరిగ్గా వెనక కూర్చుని ఉంది అది. రాజు, జాకీ, 9, 6, 2, ఐదు డైమండ్స్. భర్త "ఆ ఆసు ఎందుకు కొట్టావు?" అన్నారు మెల్లగా. "ఆరు అన్నాక ఉన్న ఒక్క ఆసూ మిగిలిపోతుందేమోనండీ, వీళ్ళ దగ్గర హార్ట్స్ పొడుగ్గా ఉన్నాయి, వాటి మీద క్లబ్స్ అన్నీ పారేస్తే?" అన్నారు ఆవిడ. ఆ భయంలో న్యాయం ఉంది. పెయిర్స్ ఆటలో ఒక్క అదనపు ట్రిక్కు కూడా మార్కులు మార్చేస్తుంది కాబట్టి స్లామ్‌కి ఎదురుగా ఆసు కొట్టేసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆవిడ నాతో కూర్చుని ఉంటే నేను ఒక్క మాట కూడా అనేవాణ్ణి కాదు. ఆసు అలా దాచుకుని, నేను క్లబ్స్ మొదలుపెట్టేదాకా ఆగి ఉంటే మాత్రం నాకు డైమండ్ ఫినెస్ తప్ప దారి కనపడేది కాదు, ఒకటి డౌన్ అయ్యేవాళ్ళం. ఆసు పడ్డాక రెండో ముక్కగా ఆవిడ ఇంకేది ఆడినా ఫలితం మారేది కాదు, ముక్కలన్నీ చూసుకుని తర్వాత లెక్కేశా.

స్కోరు ఎంటర్ చేస్తుంటే మాస్టారు నవ్వటం మొదలుపెట్టారు, ఆపుకోలేకపోతున్నారు. వల్నరబుల్‌లో ఆరు స్పేడ్స్, ట్రిక్కులకి 180, గేమ్ బోనస్ 500, స్లామ్ బోనస్ 750. మొత్తం 1430! ఆయన కీకార్డ్ పద్ధతికి ఆ పేరు వచ్చింది కూడా సరిగ్గా ఈ స్కోరు నుంచే, వల్నరబుల్‌లో మేజర్ (స్పేడ్స్ లేదా హార్ట్స్) స్లామ్ అంకె గుర్తుండిపోతుందని. ఏ పద్ధతి వల్ల మేం ఆరుకి వెళ్ళిపోయామో, ఆ పద్ధతి పేరే మా స్కోరు షీట్ మీద పడింది. నాకు నవ్వు, నీరసం రెండూ ఒకేసారి వచ్చాయి, చేతులు కాసేపు వణికాయి కూడా.

మిగతా టేబుళ్ళలో అందరూ నాలుగు స్పేడ్స్‌లో ఆగి 650 తెచ్చుకున్నారు, క్లబ్స్ ఆసు, డైమండ్ రాజు ఇచ్చి పదకొండు ట్రిక్కులు. అదే సరైన కాంట్రాక్టు, అందులో నాకు సందేహం లేదు. మాది ఆ బోర్డు మీద టాప్. ఒకటి డౌన్ అయి ఉంటే మైనస్ 100, కింద నుంచి మొదటి వాళ్ళం.

ఇంటికెళ్ళేటప్పుడు దీని గురించే ఆలోచిస్తూ నడిచా. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఓడ ప్రయాణంలో కూర్చుని ఈ స్కోరింగ్ రాయకముందు, ఆక్షన్ బ్రిడ్జ్‌లో, నువ్వు ఎంత తక్కువ బిడ్ చేసినా తెచ్చుకున్న ట్రిక్కులన్నీ గేమ్ వైపు లెక్కలోకి వచ్చేవి. ఆయన వచ్చి ముందు చెప్పినదానికే గేమ్, ముందు చెప్తేనే స్లామ్ బోనస్ అన్నాడు. ఆ ఒక్క మార్పుతో ఆటలోకి ధైర్యం వచ్చింది, దాంతోపాటే మా ఇద్దరిలాంటి వాళ్ళు గాల్లో వేలాడే సందర్భాలూ వచ్చాయి. 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పెయిర్స్‌లో బంగారు పతకం తెచ్చినప్పుడు పేకాటకి మెడల్ ఏంటని నన్ను అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్ళని ఈ ఒక్క బోర్డు ముందు కూర్చోబెట్టి, ముక్కలు పరిచి, డైమండ్ ఆసు దగ్గర ఆపి, ఇప్పుడు నువ్వేం వేస్తావు అని అడగాలని ఉంటుంది నాకు.

మాస్టారు, నేను ఇప్పుడు అప్పుడప్పుడు కలిసి ఆడుతున్నాం. ఆట అయ్యాక క్యాంటీన్‌లో టీ తాగుతూ "ఇంతకీ నీదా నాదా?" అన్నారు ఆ రోజే. ఆయన పద్ధతి తీసుకుందామన్నా, కన్వెన్షన్ కార్డు మీద పెద్ద అంకెలతో 1430 అని రాసేశా. 3 స్పేడ్స్ మీద మాత్రం కాసేపు వాదన జరిగింది, చివరికి ఆయన 11 పాయింట్లతో మూడుకి దూకనని, నేను 3 స్పేడ్స్ వినగానే స్లామ్‌కి బయల్దేరకుండా ముందు ఆసులు చూపించే క్యూ బిడ్ ఒకటి వేస్తానని ఒప్పందం. ఇంకోటి మిగిలింది, కీకార్డ్ తర్వాత రాజుల్ని అడిగే 5 నో ట్రంప్. ఆయన ఎన్ని రాజులున్నాయో చెప్తారు, నేను ఏ రాజు ఉందో చెప్తా. దీని మీద ఇద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు, వచ్చే ఆటకి అరగంట ముందే రమ్మన్నారు, తేల్చుకుందామని.